జాలీ బీరువా నాలుగు కాళ్ళు

"ఎవర్నడిగి ముట్టినవ్ దీన్ని?"

నాలుగు రోజుల తర్వాత మిర్యాలగూడ బస్సు దిగి నేరుగా సూర్యాపేటలోని తన దుకాణానికి వచ్చిన బిక్షమాచారికి గడపలోనే ఒళ్ళు మండింది. చేతిసంచి ఇంకా భుజం మీదే ఉంది. ముప్పై రెండేళ్ళ కింద తాను స్వయంగా చేసిన జాలీ బీరువా నడి దుకాణంలో నిలబడి ఉంది. దాని ముందు ఆయన బిడ్డ ప్రవళిక, చేతిలో లక్క పాలిష్ గుడ్డతో. పక్కనే స్టూలు మీద బీరువా సొంతదారు ముత్తమ్మ. దాన్ని తీసుకుపోవడానికి గరిడేపల్లి నుంచి ట్రాలీ ఆటో మాట్లాడుకొని మరీ వచ్చింది.

"పిల్లనేమనకు బిక్షమన్నా. నువ్వు ఊరికి పోయిన్నాడు నేనే తెచ్చిచ్చిన," అంది ముత్తమ్మ. "చీమలు పట్టకుండ కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టేదాన్ని. పోయిన వారం పెరుగు తీద్దామని తలుపు గుంజితే బీరువా నా మీదికే ఒరిగింది. వంగి సూస్తే నీళ్ళల్ల నాని కట్టె పిండి పిండయింది."

"కట్టెను నీళ్ళల్ల నిలబెడితే పిండి గాక ఏమైతది? గిన్నెల రాయి పెట్టి, రాయి మీద కాలు ఆనియ్యాలె. తడి తగలొద్దు."

"గదంత నీ బిడ్డ చెప్పింది లే. ఇల్లు తుడిసే తడిగుడ్డ గూడ తగలనియ్యొద్దన్నది. కింద రబ్బరు బుష్షులు గూడ ఏసింది."

తాను చెప్పాల్సిన మాటలు ముందే చెప్పేసిన బిడ్డ మీద చారికి ఇంకాస్త కోపం వచ్చింది.

"కాలు మార్చినవా?"

"మార్చిన నాయినా. పాత దర్వాజ టేకుతోని. రంగు కలవాలె గద."

"ఉప్పుకాగితం పట్టి రుద్దుమంటే ఉలి దాక వచ్చినవన్నమాట! గిందుకేనా, కోదాడ చర్చి బెంచీల పని నీకియ్యమని పది రోజుల సంది నా పాణం తీస్తున్నవ్? నలభై బెంచీలు బిడ్డా! పాత కట్టె, పాత పనితనం. ఒక్కటి చెడితే ఊరంత నవ్వుతరు. నా మోకాళ్ళు సాగక బయటి మేస్త్రీని పంపుతున్న గని, లేకుంటే నేనే పోదును."

ప్రవళిక పాలిష్ గుడ్డ పక్కన పెట్టింది.

"అయితే ఓ మాట నాయినా. ఇందుల నా చెయ్యి యాడ పడ్డదో కనిపెట్టు. కనిపెడితే నేను మల్ల ఉలి ముట్ట, కోదాడ మాట ఎత్త. కనిపెట్టకపోతే ఆ పనికి నేనే పోత."

చారి నవ్వాడు. సంచి కింద పడేసి, కళ్ళజోడు తుడుచుకున్నాడు. తన చేతి సామానులో పరాయి చెయ్యి పడితే తెలియకపోవడమా!

ముందు తలుపు తెరిచి, మూసి చూశాడు. కిర్రుమనలేదు. జాలీ బిగువుగా ఉంది. పైపలకను చేత్తో నిమిరాడు.

"ఈడ తెల్లగ గుండ్రటి మచ్చ ఉండాలె గదా? ఉడుకుడుకు పాల గిన్నె పెట్టిందని అప్పట్ల తిట్టిన ముత్తమ్మను."

"నూనెల సన్నటి బూడిద కలిపి రుద్దిన. పోయింది."

"ఊఁ," అన్నాడు చారి. ఆ 'ఊఁ' కోసం దుకాణంలో మేస్త్రీలు ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళు.

తర్వాత మెల్లగా కింద కూర్చొని కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళతో మొదటి కాలు తడిమాడు. ముఖం వెలిగింది. రెండోది తడిమాడు. మూడోది తడిమేసరికి ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"సూడు ముత్తమ్మా! ఈ గాడి సూడు, దారం పట్టి గీసినట్టు. పై నుంచి కింది దాక కాలు ఎంత సక్కగ సన్నబడుకుంట వచ్చిందో సూడు. ఏడన్న ఉలి దెబ్బ కానొస్తదా? అప్పుడు నాకు ఇరవై నాలుగేండ్లు. మిషన్ లేదు, కరెంటు లేదు. గిసొంటి పని ఇయ్యాల జిల్లా మొత్తం తిరిగినా దొరకది."

ప్రవళిక కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముత్తమ్మ ఏదో అనబోతే చెయ్యి నొక్కి ఆపింది.

చారి వేళ్ళు నాలుగో కాలు మీద ఆగిపోయాయి.

"దొరికింది!" అని కళ్ళు తెరిచాడు. "గాడి వంకర పోయింది. ఈడ ఉలి జారింది. జారిందాన్ని రుద్ది కప్పిపెట్టినవ్. అంత తొందరేంది బిడ్డా, బస్సు పోతుండెనా? నేర్సుకునేటోళ్ళ పని గిట్లనే ఉంటది."

ప్రవళిక పాలిష్ గుడ్డ తీసి మడత పెట్టింది.

"మనసుల పెట్టుకోకు. ఈ మూడు కాళ్ళు చేసిన చేతులైతే కండ్లు మూసుకొని కోదాడ పంపుత. గని ఈ నాలుగో కాలు చేసినోళ్ళకు పీట పని గూడ ఇయ్య."

"మాట మీద ఉంటవా నాయినా?"

"బిక్షమాచారి ఎన్నడన్న మాట తప్పిండా?"

ఆయన కొయ్యసుత్తి అందుకున్నాడు. "జరుగు. దీన్ని పీకి నేనే కొత్తది ఏస్త. నా పేరున్న సామానుకు గిసొంటి కాలు ఉండొద్దు."

సుత్తి లేచింది. ముత్తమ్మ స్టూలు మీది నుంచి దిగ్గున లేచి, ఆ కాలుకు రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ఆగాగు బిక్షమన్నా! పిండయిపోయినయి ఆ మూడే, నీ బిడ్డ కొత్తయి చేసి ఏసింది. నీ చేతి కాలు మిగిలింది ఇదొక్కటే!"