గంప తూకం

నిజామాబాద్ బస్టాండులో దిగేసరికి సుమిత్రమ్మ కొంగు కింద దాచుకున్న కాంటా చెమటకు తడిసింది. చిన్నదే. పైన పిడి, కింద కొక్కెం, మధ్యలో అంకెలు వెలిగే అద్దం. ఆత్మారాం కొట్లోంచి దాన్ని ఎవరికీ తెలియకుండా తెచ్చింది. తెలిస్తే ఊళ్లో ఉండనివ్వరు.

రేపే పోశయ్య కేసు వాయిదా. సాక్షుల మాట వినడం రేపటితో ఆఖరు.

నవీపేట్‌లో ఆ గొడవ తెలియనివాళ్లు లేరు. గోదావరిలో పట్టిన చేపలను పోశయ్య గంపతో తెచ్చి ఆత్మారాంకు అమ్మేవాడు. ఆత్మారాం పాత తరాజు పక్కన పడేసి ఈ చవక డిజిటల్ కాంటా కొన్నప్పటి నుంచి, గంప తక్కువ తూగుతోందని పోశయ్య మొత్తుకునేవాడు. ఒకనాడు మాటామాటా పెరిగింది. పోశయ్య తోశాడు. ఆత్మారాం తల అరుగు రాయికి తగిలింది. మళ్లీ లేవలేదు.

తూకం సంగతి పోశయ్య అల్లిన కథేనని, పగతో కావాలనే చంపాడని కేసు పెట్టారు. ఊరు రెండుగా చీలింది. పోశయ్య అబద్ధాలకోరని కొందరు, ఆత్మారాం దొంగ తూకాలవాడని కొందరు. ఆ రెండు మాటల మధ్య సుమిత్రమ్మకు ముద్ద దిగడం లేదు. ఆ రోజు ఆమె అక్కడే ఉంది. పడ్డవాణ్ని ఒళ్లో పెట్టుకుని పోశయ్య ఎలా ఏడ్చాడో చూసింది.

ముందు చేపల మార్కెట్‌కు వెళ్లింది. ఒకామెను బతిమాలి, బొచ్చె చేపను ఆమె తరాజులోనూ, ఈ కాంటాకు తగిలించీ తూయించింది. రెండింట్లోనూ ఒకటే తూకం. ఇంకో చేప వేయించింది. తేడా లేదు. కాంటా బంగారంలా ఉంది, ఎందుకు పరేషాన్ అవుతున్నావని ఆమె విసుక్కుంది.

సుమిత్రమ్మ కాంటాను మళ్లీ కొంగు కింద పెట్టుకుంది. కాంటాలు బాగుచేసే దుకాణాల వెంట తిరిగింది. కోర్టు మాట ఎత్తగానే ఒకడు చేతులు జోడించాడు. ఇంకొకడు మొహమే చూడలేదు. పొద్దు వాలుతుండగా గంజ్ దగ్గర రామ్‌దాస్ అనే పెద్దమనిషి మాత్రం ఆమె చెప్పిందంతా విన్నాడు. గంపలో చేపలెన్ని ఉండేవని అడిగాడు. ఒక మనిషి మోయగలిగినన్ని అంది.

“మరి ఒక్క చేపను తూస్తే ఏం తెలుస్తదమ్మా?” అన్నాడు.

కాంటాను దూలానికి కట్టి, ఐదు కిలోల ఇనుప రాయి తగిలించాడు. ఐదు చూపింది. అలాంటివే నాలుగు రాళ్లు సంచిలో వేసి వేలాడదీశాడు. ఇరవై రావాలి. అంకెలు కాసేపు ఊగి, పదహారున్నర దగ్గర ఆగిపోయాయి. దించి మళ్లీ తూచాడు. మళ్లీ అంతే.

సుమిత్రమ్మ అడిగింది.

“ఎవరన్న కావాలని గిట్ల చేసిండ్రా, అన్నా?”

రామ్‌దాస్ వెనక మూత తీసి దీపం కింద పెట్టి చూశాడు.

“లేదు. ఇదివరకు ఎవ్వరు ఇప్పిన జాడ లేదు. సస్తా మాల్, చవక సరుకు. చిన్న బరువు సక్కగ సూపిస్తది, పెద్ద బరువుకు ఆగదు. కొన్నాయన ఒక చేపను తూసి సూసుకొని మంచిగనే ఉన్నదనుకొని ఉంటడు. ఆయనకు గూడ తెల్వదు.”

ఆమె గడప మీద కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అతను మంచినీళ్లు ఇచ్చాడు. రేపు కోర్టుకు వచ్చి ఈ మాటే చెప్పమని ఆమె అతని కాళ్లు పట్టుకోబోయింది. కోర్టంటే తనకూ భయమేనని, అయినా వస్తానని, జైల్లో ఉన్నవాడు బయటపడితే అంతే చాలని అతను అన్నాడు.

మర్నాడు ఎవరూ పిలవకముందే సుమిత్రమ్మ కాంటా పట్టుకుని లేచి నిలబడింది. బంట్రోతు ఆపబోయాడు. జడ్జిగారు చెప్పనివ్వమన్నారు. గంప తక్కువ తూగిన మాట నిజమని, పోశయ్య అబద్ధమాడలేదని, అలాగని ఆత్మారాం మోసమూ చేయలేదని, దూలానికి కట్టి పెద్ద బరువు తూస్తే మీకే తెలుస్తుందని చెప్పింది. వెనక నిలబడ్డ రామ్‌దాస్‌ను చూపించింది. బోనులో పోశయ్య తల ఎత్తలేదు.

జడ్జిగారు కళ్లద్దాలు తీసి, పోశయ్యకు నువ్వేమవుతావని అడిగారు.

“నేను ఆయనకేం గాను సారూ, సచ్చిపోయిన ఆత్మారామే నా పెనిమిటి,” అంది సుమిత్రమ్మ.