వ్రెతీ అంటే దొరికినది

“అది ఏడవట్లేదు అత్తయ్యా!”

రాతిగోడ వెనక నక్కి కూర్చున్న థియానో గొణిగింది. రాత్రే కన్నది. ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. బిడ్డ ముఖమైనా సరిగా చూసుకోలేదు.

“నిద్రపోతోంది. నోర్మూసుకో. చారోస్ చెవిన పడితే దీన్నీ పట్టుకుపోతాడు” అని కసిరింది అత్త లంబ్రినీ.

మూడు దారులు కలిసేచోట, మంచు మీద గుడ్డల మూట. ఆ కొండ ఊళ్లో కాన్పులన్నీ లంబ్రినీ చేతి మీదే. సొంత కోడలికి మాత్రం ముగ్గురు పుట్టి ముగ్గురూ మట్టిలో కలిశారు. నాలుగోది నిలవాలంటే ఒక్కటే ఉపాయం. తెల్లారగానే బిడ్డను కూడలిలో వదిలేయాలి. మొదట వచ్చినవాళ్లు ఎత్తుకుని, కొత్త బట్ట చుట్టి, వ్రెతీ అని పేరు పెట్టాలి. అంటే దొరికినది. ఎవరూ లేని పిల్ల అనుకుని మృత్యుదేవుడు చారోస్ తన దారిన పోతాడు. పేరు పడేదాకా తల్లి దగ్గరకు వెళ్లకూడదు.

“ఇది కూడా పోతే నూతిలో దూకుతాను” అంది థియానో.

ఉత్తిమాట కాదు. మూడోది పోయినప్పుడు నూతి గట్టు మీంచి ఆమెను లాక్కొచ్చింది లంబ్రినీయే.

దారి మలుపులో మనిషి అలికిడి. మేకలు కాచే దెస్పో. పెళ్లి కాని పిల్ల. అన్నలంటే హడలి చస్తుంది. ఒంటి నిండా, ఎండలో కూడా విప్పని మేకబొచ్చు కంబళి.

“పోయి పోయి ఈ నంగనాచే తగలాలా నా మనవరాలికి!” లంబ్రినీ తల కొట్టుకుంది.

దెస్పో మూట మీదికి వంగింది. కంబళి మూటను కప్పేసింది. చాలాసేపు లేవలేదు. అప్పుడు ఏడ్చింది బిడ్డ, కొండలు మారుమోగేలా.

గోడ వెనక థియానో కూడా ఏడ్చింది.

“వ్రెతీ!” అని అరిచింది దెస్పో. కొత్త బట్టలోని బిడ్డను లంబ్రినీ చేతుల్లో పెట్టి, పాత గుడ్డల్ని కంబళి కిందికి తోసుకుంది.

“పాతవి ఇంటికి రాకూడదు. కొండ మీద పూడ్చెయ్” అంది లంబ్రినీ. “పేరు పెట్టావు కాబట్టి తల్లి తర్వాత తల్లివి నువ్వే. రోజూ వచ్చి చూసి పో. రాకపోయావో, కాళ్లు విరగ్గొడతా!”

దెస్పో ఒక్క రోజూ తప్పలేదు. వ్రెతీ బతికింది.

ఆరేళ్ల పిల్లయ్యాక అడిగింది. “నాన్నమ్మా, నేను నిజంగా దారిలో దొరికానా?”

“చారోస్‌ను బోల్తా కొట్టించడానికి ఆడిన అబద్ధమే పిచ్చిదానా!” థియానో పకపకా నవ్వింది. లంబ్రినీ నవ్వలేదు.

చనిపోయినవాళ్లను తలుచుకునే శనివారం వచ్చింది. ఉడికించిన గోధుమలు మూడు సమాధుల దగ్గరా పెట్టి, మిగిలిన గుప్పెడు మూటగట్టుకుని లంబ్రినీ కొండెక్కింది.

“పాత గుడ్డలకు కూడా గోధుమలు పెడుతుందీ ముసలిది” అని ఊరు నవ్వుకుంది.

పైన ఒక రాయి. దాని మీది మంచు తుడిచి, గోధుమలు పెట్టి, ముసలమ్మ మెల్లగా అంది.

“ఆ రాత్రే నా చేతుల్లో చల్లబడిపోయావు కదే తల్లీ, నీ చోట దెస్పో కన్నబిడ్డను పెట్టాను, ఏమనుకోకు.”