అమ్మ చీర కింద

ఎల్బీనగర్ దాటగానే సీతారాములు కారు పక్కకు ఆపి, డిక్కీలోంచి చనిపోయిన భార్య చీర తీశాడు. నడిరోడ్డు మీద ఏదో బండి గుద్దిన కుక్క చచ్చి పడి ఉంది.

కూతురు అరుణజ్యోతి గబగబా దిగి చీర కొంగు పట్టుకుంది.

“బీరువాల అమ్మ చీరలు తక్కువైతున్నయంటే ఇందుకా నాయినా? కుక్కలకు కప్పుతున్నవా?”

“లారీలు మీదికెల్లే పోతున్నయి బిడ్డా.”

“పోనీ! సరూర్‌నగర్ల లారీ గుద్దినప్పుడు అమ్మ కోసం ఎవరాగిన్రు?”

సీతారాములు చేతిలోని చీరను చూస్తూ మెల్లగా అన్నాడు.

“ఒకామె ఆగింది. నేను పోయేసరికి తన చున్నీ అమ్మ మీద కప్పి, వచ్చే బండ్లకు చెయ్యి అడ్డం పెట్టి నిలబడి ఉన్నది. పేరడగాలన్న సోయి గూడ లేకపాయె నాకు.”

“ఇన్నొద్దులు నాకెందుకు చెప్పలే?”

“ఎట్ల చెప్తా బిడ్డా? ఆ చున్నీ లేపి చూసింది నేనే గదా.”

అరుణజ్యోతి కొంగు వదిలేసింది. ఆయన కుక్క మీద చీర పరుస్తుంటే, కన్నీళ్లు తుడుచుకుంటూ రోడ్డు మధ్యకు నడిచి చెయ్యెత్తింది.

ఒక బైకతను వేగం తగ్గించాడు. చీర కింద ఉన్నది మనిషే అనుకున్నాడు.

“అయ్యో, ఎవరక్కా? మీవోళ్లా?”

“మావోళ్లే అన్నా. జర పక్క నుంచి పో.”