తెలుగులో ఒక కరపత్రం

"ఆంటీ, ఈసారి మన తెలుగువాళ్ల ఓట్లే నన్ను గెలిపించాలి. నాకు తెలుగు మాట్లాడ్డం వస్తుంది, పఢ్నా నహీ ఆతా, చదవడం రాదు. కరపత్రం మీరే రాసివ్వండి," అన్నాడు నితిన్ రావు. ఢిల్లీలో పుట్టి పెరిగినవాడు, అయిదేళ్లుగా ఆ కాలనీ కౌన్సిలర్.

రిటైరైన తెలుగు టీచరు కావేరి కళ్లజోడు పెట్టుకుంది. "గెలిస్తే ముందు ఏం చేస్తావు బాబూ?"

"పార్కింగ్, కెమెరాలు, పార్కుకి కొత్త గేటు. బస్, అంతే."

"నాలుగో గల్లీ కాలువకి మూతలు?"

"అవి లాస్ట్‌లో చూద్దాం ఆంటీ."

కావేరి రాసింది. చదవమంటే పైకి వినిపించింది: పార్కింగ్, కెమెరాలు, గేటు.

"బహుత్ అచ్ఛా!" కాగితం తీసుకుని గుమ్మం దగ్గర ఆగాడు. "మనం ఇంతకుముందు కలిశామా ఆంటీ?"

"ఆరుసార్లు," అంది కావేరి. అతను నవ్వేసి వెళ్లిపోయాడు.

ఆదివారం నితిన్ రావు తెలుగువాళ్ల ఇల్లిల్లూ తిరిగి, వంగి దండం పెట్టి, అచ్చయిన కరపత్రం స్వయంగా పంచాడు. కావేరి తన వంతుది రెండు చేతులా అందుకుని, మొదటినుంచీ చదువుకుంది.

"నాలుగో గల్లీ కాలువకు మూతలు వేయించమని ఈ కౌన్సిలర్‌కి ఆరుసార్లు అర్జీ ఇచ్చాను. మొన్న వానల్లో మా ఆయన అందులోనే పడి చనిపోయారు. ఆ అర్జీలన్నీ ఇతనికి వచ్చిన హిందీలోనే రాశాను. ఒక్కటీ చదవలేదు. ఇదీ చదవకుండానే మీ చేతిలో పెడుతున్నాడు."