ప్రస్తుతానికి

"గడియారం తీసెయ్యాలట మాస్టారూ," అన్నాడు మేనేజరు, కుర్చీలో కూర్చోకుండానే. "దాని బదులు మొలక పెట్టాలట."

ముక్కల మాస్టారు కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాడు. మాస్టారంటే బడిపంతులు కాదు. ఫోన్ యాప్‌లకు తెరలు తయారుచేసే మనిషి. తెరంతా ఒక్కపెట్టున గియ్యడు. బటన్ ఒక ముక్క, ఫొటో ఒక ముక్క, కబురు చెప్పే కార్డు ఒక ముక్క. విడివిడిగా చేసిపెట్టుకుని, కావలసిన చోట అమరుస్తాడు. నచ్చని ముక్కను ఊడదీసి ఇంకోటి బిగిస్తాడు. అందుకని ఆఫీసులో ఆ పేరు ఖాయమైపోయింది.

"మొలకేంటి సార్?"

"దత్తత కేంద్రం యాప్. 'మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది' అనే కార్డు మీద గడియారం తిరుగుతుంటుంది కదా. అది చూసి జనానికి తొందర పుడుతోందట. ఊరికే ఫోన్లు చేసి ప్రాణాలు తోడేస్తున్నారట. మొలకైతే ఓపిగ్గా ఉంటారని అక్కడి మేడమ్‌గారి ఉద్దేశం."

ఆ ఫోన్లు చేసేవాళ్ళలో తన భార్య కూడా ఉందని మాస్టారు చెప్పలేదు.

"గడియారం కావాలన్నదీ ఆ మేడమ్‌గారే సార్."

"అన్నారు. ఇప్పుడు వద్దంటున్నారు. సాయంత్రానికి అయిపోవాలి."

మాస్టారికి వాదించే ఓపిక లేదు. అది ఈ యాప్ మొదటిసారి విడుదల చేసిన రోజుల్లోనే హరించుకుపోయింది. అప్పుడు తేదీ ముంచుకొచ్చింది. కేంద్రం వాళ్ళేమో కార్డుల మీద మాటలు తేల్చరు. ఒకరు ఔనంటే ఇంకొకరు కాదంటారు. చివరికి తయారుకాని ముక్కల చోట, ఉన్నవాటి నకళ్ళే అతికించి, ప్రస్తుతానికి ఇలా కానిమ్మని గట్టెక్కించారు. ఆ ఆఫీసులో ప్రస్తుతానికి అని పెట్టినదాన్ని మళ్ళీ తీసిన పాపాన ఎవరూ పోలేదు. మాస్టారి బల్ల కాలు కింద ప్రస్తుతానికి పెట్టిన అట్టముక్క ముగ్గురు మేనేజర్లను చూసింది.

మొలకతో మధ్యాహ్నమంతా గడిచిపోయింది. మొదట అది మిరపకాయ తొడిమలా వచ్చింది. యాప్‌లను పరీక్షించే అమ్మాయి పక్క సీట్లోంచి మెడ చాచి చూసి నవ్వు ఆపుకుంది.

"దీన్ని ఎన్ని చోట్ల మార్చాలి సార్?"

"ఒక్కచోటేనమ్మా. అసలు ముక్కను మారిస్తే చాలు, అది వాడిన ప్రతిచోటా తనంతట తనే మారుతుంది. అందుకేగా ఇన్ని తిప్పలు."

"మరి అప్పట్లో అతికించిన నకళ్ళో?"

"అవి మారవు. అసలుతో వాటికి సంబంధం తెగిపోయింది. ఎక్కడున్నాయో వెతకాలి. రేపు చూద్దాంలే," అన్నాడు ఆవులిస్తూ.

సాయంత్రానికి మొలక జనం ఫోన్లలోకి వెళ్ళిపోయింది. మాస్టారు బస్సులో నిలబడే కునికాడు.

ఆస్పత్రుల చుట్టూ తిరిగి తిరిగి, ఇక చాలనుకున్నాక, భార్యాభర్తలిద్దరూ ఆ యాప్‌లోనే దరఖాస్తు పెట్టుకున్నారు. ఆవిడ చిన్నగదిలోంచి ఇస్త్రీ బల్ల బయటకు లాగేసింది. ఒక గోడకు పసుపు రంగు తనే వేసుకుంది. స్నానాలగదిలో వాళ్ళ బ్రష్‌ల పక్కన బొటనవేలంత బ్రష్ ఒకటి తెచ్చి నిలబెట్టింది. మాస్టారు పైకి ఏమీ అనడు. కానీ ఆ బిడ్డ మీద ఆవిడకంటే అతనికే ఎక్కువ ఆశ. రోజూ పళ్ళు తోముకుంటూ ఆ చిన్న బ్రష్ వంకే చూస్తాడు.

తలుపు తీస్తూనే ఆవిడ ఫోన్ ఊపింది.

"ఏమండీ, మొలక భలే ఉందటండీ! ఎదురుచూసేవాళ్ళ గ్రూపులో ఇవాళంతా దాని గోలే. అందరూ ఫొటోలు తీసి పెడుతున్నారు. మా ఆయనే చేశారని చెప్పేశాను."

మాస్టారికి సగం అలసట దిగిపోయింది. చెప్పులు విడుస్తూ నవ్వాడు.

"మనకే ఇంకా రాలేదు," అందావిడ. "మన ఫోన్లో గడియారమే తిరుగుతోంది. దీపం కిందే చీకటంటే ఇదేనేమో!"

"పాత యాప్ అయ్యుంటుంది. ఇలా ఇవ్వు."

చూశాడు. యాప్ కొత్తదే. అయినా తీసేసి మళ్ళీ ఎక్కించాడు. ఫోన్ ఆపి మళ్ళీ వెలిగించాడు. ముల్లు తాపీగా తిరుగుతోంది. దాని కింద, "మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది. దయచేసి వేచి ఉండండి."

మాస్టారు సంచి భుజాన ఉండగానే కుర్చీలో కూలబడ్డాడు.

"అదేంటండీ, అలా అయిపోయారు? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. అలిసిపోయాను."

"దీనికింత దిగులెందుకు? రేపు మార్చుదురుగాని. బొమ్మ ఏదైతేనేం, పరిశీలనలోనే ఉంది కదా. కాదనలేదు కదా," అంటూ ఆవిడ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. వెళుతూ వెళుతూ చిన్నగదిలో లైటు వేసి, పసుపు గోడను ఒకసారి చూసుకుని ఆర్పింది.

మాస్టారు ఫోన్‌ను ఒళ్ళో బోర్లించుకుని, అప్పట్లో అతికించిన నకళ్ళను ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాడు.

కొత్త యాప్ మొత్తంలో ఆ పాత గడియారం మిగిలి ఉండగల చోటు ఒక్కటే. 'మీ దరఖాస్తును తిరస్కరించాం' అనే కార్డుకు మాటలు కుదరక, ప్రస్తుతానికని అతను తన చేత్తో 'పరిశీలనలో ఉంది' కార్డు నకలు అతికించిన చోటు.