ఇరవై కిలోల తేడా

"ఈ బిల్లు నేను పంపను," అంటూ కోడింగ్ మేడమ్ ఫైలు తెచ్చి నర్సు బల్ల మీద పెట్టింది.

ఆసుపత్రిలో ఇచ్చిన ప్రతి మందుకీ కోడ్ వేసి బీమా కంపెనీకి బిల్లు పంపడం ఆవిడ పని. కాగితం మీద లేనిది లోకంలోనే లేదని ఆవిడ నమ్మకం. అందుకే నర్సులు చాటుగా ఆవిడను భూతద్దం అంటారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. పైకి విసుక్కున్నా లోపల కాస్త గర్వమే.

గొడవంతా ఏడో గది పెద్దావిడ గురించి. పిక్కలో రక్తం గడ్డకట్టి ఆసుపత్రిలో చేరింది. ఆ గడ్డ పెరగకుండా పొట్ట మీద ఇంజెక్షన్ ఇస్తున్నారు. కిలో బరువుకు ఒక మిల్లీగ్రాము మందు, పది మిల్లీగ్రాములకు బిల్లులో ఒక యూనిట్. పెద్దావిడ చేరినప్పుడు చెప్పి రాయించిన బరువు అరవై. పూటకు ఇచ్చిన మందు చూస్తే ఎనభై. ఆరు యూనిట్లు ఉండాల్సిన చోట ఎనిమిది ఉంటే బీమావాళ్లు ఒప్పుకోరు. బిల్లు సంగతి అలా ఉంచితే, ఈ మందు ఎక్కువైతే ఒంట్లో ఎక్కడైనా రక్తం కారే ప్రమాదం ఉంది. అంకె తప్పని తేలితే నర్సు ఉద్యోగం ఊడుతుంది.

నర్సు గబగబా సంజాయిషీ మొదలుపెట్టింది. బరువు చూసి ఇమ్మని డాక్టరు రాశారనీ, పెద్దావిడ నిలబడలేకపోతే చక్రాల కుర్చీతో సహా కాటా మీదకు ఎక్కించి తానే తూచిందనీ, కుర్చీ బరువు తీసేస్తే ఎనభై వచ్చిందనీ, ఆ అంకె ఫైల్లో రాయడం మర్చిపోయిందనీ చెప్పుకుంది.

"సరే, మళ్లీ తూద్దాం పద," అంది భూతద్దం.

మళ్లీ తూస్తే మళ్లీ ఎనభయ్యే వచ్చింది. పెద్దావిడ మాత్రం తొణకలేదు.

"మీ కాటా పాడైంది. ప్రతి ఆదివారం ఇంట్లో చూసుకుంటాను. పన్నెండేళ్లుగా అరవై దాటలేదు. ఏమండీ, చెప్పరేం?"

మూలన కుర్చీలో కూర్చున్న ఆయన పేపరు దించకుండానే అరవయ్యేనన్నాడు.

భూతద్దానికి నవ్వొచ్చింది. ఆడవాళ్లు బరువు విషయంలో నాలుగైదు కిలోలు మింగేయడం మామూలే, తానూ మింగుతుంది. కానీ ఇరవై కిలోలు మింగి ఇంత నిబ్బరంగా కూర్చున్న మనిషిని ఎక్కడా చూడలేదు. ఎలాగూ తప్పదని తానే కాటా ఎక్కింది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని అంకెను కాటా ఉన్నదున్నట్టు చూపించేసింది. నర్సు మర్యాదగా గోడవైపు చూసింది.

"కాటా బాగానే ఉందండీ," అంది భూతద్దం నీరసంగా.

"నీకు బాగానే ఉందేమో. ఈమధ్య మా దర్జీకి కొలతలు రావడం లేదు, మీకేమో తూకం రావడం లేదు," అంది పెద్దావిడ. తనకు ఎక్కువ మందు పొడిచారని పెద్ద డాక్టరుకు తానే చెప్తానంది. ఆ మాటకు నర్సు కళ్లు తుడుచుకుంటూ బయటికి వెళ్లిపోయింది.

వెనకాలే భూతద్దం కూడా వరండాలోకి వచ్చి పెన్ను పట్టుకుని నిలబడింది. ఎనభై అని రాస్తే పెద్దావిడ ఊరుకోదు, అరవై అని ఉంచితే ఈ పిల్ల బతుకు ఏమవుతుంది? ఏ అంకె వేయాలో తేల్చుకోలేకపోయింది. ఆవిడకు ఫైలు ముందు ఇలా ఎప్పుడూ అవలేదు.

గది తలుపు మెల్లగా తెరుచుకుంది. పెద్దావిడ భర్త బయటికి వచ్చి, తలుపు జాగ్రత్తగా దగ్గరికి వేశాడు.

"ఎనభయ్యే రాయండమ్మా. కావాలంటే సంతకం పెడతాను. ఆ అమ్మాయి తప్పేం లేదు."

"మరి ఆవిడ ఎందుకండీ అంత పచ్చి అబద్ధం చెప్తున్నారు?"

"అయ్యో, ఆవిడకు అబద్ధం చేతకాదమ్మా," అన్నాడాయన గొంతు తగ్గించి. "ముల్లు అరవై దాటిన వారమల్లా ఇద్దరికీ రాత్రి భోజనం మాన్పించేసేది. ఆకలికి తట్టుకోలేక పన్నెండేళ్లుగా ఇంట్లో కాటా ముల్లును వెనక్కి తిప్పుతున్నది నేను."