ఆధారం ఏది?

“రక్తం కలవలేదురా” అంది నంబి, తమ్ముడు కవూమా ముందు ఫోను పెట్టి. “నీది ఎ పాజిటివ్. నీ పెళ్లానిది బి పాజిటివ్. పిల్లది ఓ. ఇదెలా కుదురుతుంది?”

పిల్ల పేరు తెండో. పదిహేడేళ్లు. బడిలో రక్తదానం చేసి, వాళ్లిచ్చిన కార్డును సంబరంగా మేనత్తకు చూపించింది. మేనత్త సరాసరి మసాకాలోని తమ్ముడి ఫోన్ల రిపేరు కొట్టుకు వచ్చేసింది.

ఫోనులో తెరిచి ఉన్నది ఉగాండాలో వాళ్లు మాట్లాడే లుగాండా భాషలోని విజ్ఞాన సర్వస్వం, ఎవరైనా రాయగలిగేది, ఎవరైనా దిద్దగలిగేది. రక్తం పేజీలో మూడో వాక్యం ఇది: ‘బిడ్డ రక్తం గ్రూపు తల్లిదో తండ్రిదో అయి తీరుతుంది.’

నంబికి మరదలు నబ్బోసా అంటే మొదటినుంచీ పడదు. తమ్ముడు సరిహద్దు దాటి జూబాకు పనికి పోయి, కొన్నేళ్లకు పెళ్లాంతో పిల్లతో తిరిగొచ్చాడు. ఆ పెళ్లి తన చేతుల మీదుగా జరగలేదని ఆవిడ కడుపుమంట. ఇంకో రెండు నెలల్లో, చనిపోయిన తమ తండ్రికి చివరి కర్మ. ఆ రోజు మనవలందరి పేర్లూ వంశం పుస్తకంలో ఎక్కుతాయి. పేరు ఎక్కని పిల్లకు వంశం లేదు, పోయాక వంశం నేలలో ఆరడుగుల చోటూ లేదు. ఆ పెద్దల ముందు ఈ వాక్యం చదివి వినిపిస్తానని నంబి చెప్పి మరీ వెళ్లింది.

కవూమా అప్పటికప్పుడే ఆ వాక్యం కొట్టేశాడు. పది నిమిషాల్లో అది మళ్లీ వచ్చి కూర్చుంది. మళ్లీ కొట్టేశాడు. మళ్లీ వచ్చింది. జింజాలో ఉండే నక్యాంజి అనే ఆవిడ జీతం భత్యం లేకుండా ఆ పేజీలకు కాపలా కాస్తుంది. వాక్యాన్ని తిరిగి పెడుతున్నది ఆవిడే. కొట్టేయడానికి ఆధారం ఏది అని అడిగింది. అది అబద్ధమని తనకు తెలుసని ఇతను రాశాడు.

“మీకు తెలియడం ఆధారం కాదండీ. పుస్తకం పేరు, పేజీ చెప్పండి” అని జవాబొచ్చింది.

ఒళ్లు మండిపోయింది. మండుతున్న ఒంటితోనే ఊళ్లో నర్సుల కాలేజీ లైబ్రరీకి పోయాడు. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి, లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాడు. లైబ్రేరియన్ నవ్వాడు. నవ్వనీ, ఆయన సొమ్మేం పోయింది. మూడు వారాలు తిరిగితే గానీ సంగతి బుర్రకెక్కలేదు. మనిషిలో ప్రతిదానికీ రెండు వంతులుంటాయి, తల్లిదొకటి, తండ్రిదొకటి. ఎ చాటున ఓ దాక్కుని ఉండొచ్చు. బి చాటునా ఉండొచ్చు. దాక్కున్నవి రెండూ కలిస్తే పుట్టేది ఓ. ఇంతే. ఇంత సులువైన విషయాన్ని తన భాషలో రాసే నాథుడే లేకపోయాడు.

తనే రాశాడు. పుస్తకం పేరు, పేజీ నంబరు చూపించి మరీ రాశాడు. నక్యాంజి ఈసారి ముట్టుకోలేదు. తీరా చూస్తే జన్యువు అంటే ఏమిటో చెప్పే పేజీయే లేదు. అదీ రాశాడు. కవలల గురించి రాశాడు, కొడవలి కణాల జబ్బు గురించి రాశాడు. అన్నీ కలిపి పదకొండు పేజీలు తేలాయి. ఒక్క వాక్యం కోసం వచ్చి మొత్తం భారం నెత్తినేసుకున్నారేమిటని నక్యాంజి ఆటపట్టించింది.

“ఒక్క వాక్యంతో నా కూతుర్ని గెంటేద్దామనుకున్నారు. ఈ పదకొండు పేజీలూ దాటి రమ్మనండి చూద్దాం” అని రాశాడు.

కర్మ రోజు వచ్చింది. వంశపెద్ద సెబూన్యా ఫోను దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించి రెండుసార్లు చదివాడు. మూడో వాక్యం మారిపోయి ఉంది. అది రాసింది వీడేనని, వీడి రాతకు విలువేమిటని నంబి లేచింది. కవూమా పుస్తకాలు తెచ్చి చాప మీద పరిచాడు. పెద్దల్లో ఒకావిడ ముప్ఫై ఏళ్లు ఆసుపత్రిలో మంత్రసానిగా చేసిన మనిషి. ఆవిడ చదివి, నిజమేనంది.

“మా తాతల కాలంలో బొడ్డుతాడు కుండలోని నీళ్లలో వేసేవాళ్లు. తేలితే మన పిల్ల” అన్నాడు సెబూన్యా. “ఇదీ తేలినట్టే కదా?”

నంబి వదల్లేదు. “ఈ గోలంతా ఎందుకు? కంపాలా తీసుకెళ్లి డీఎన్ఏ పరీక్ష చేయించమనండి. ఒక్క చుక్కతో తేలిపోతుంది.”

అందరూ కవూమా వైపు చూశారు. తెండో తల దించుకుంది. నబ్బోసా కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“చేయించను” అన్నాడు కవూమా. “ఎత్తుకుని పెంచిన పిల్లని సూదితో గుచ్చి, నువ్వు నా బిడ్డవేనా అని అడిగే ఖర్మ నాకు పట్టలేదు. అంతగా కావాలంటే ఇక్కడున్న మగాళ్లందరి పిల్లల రక్తమూ తీయించండి. ముందు పెద్దాయన పిల్లలది.”

చాప మీద ఒకరిద్దరు దగ్గారు. ఒకాయన ఎండ ఎక్కువైందన్నాడు. పరీక్షలూ వద్దు, పంచాయితీలూ వద్దని సెబూన్యా పుస్తకం తెరిచి, ‘తెండో, కవూమా కూతురు’ అని తన చేత్తోనే రాశాడు. నంబి మొహం తిప్పుకుంది. కవూమాకు కళ్లు చెమర్చాయి.

జూబా బజారులో కవూమా నబ్బోసాను మొట్టమొదటిసారి పలకరించేనాటికి, ఆమె చంకలో ఉన్న తెండోకు అప్పటికే రెండు పళ్లు వచ్చేశాయి.